మా వదినగారి మూడో ఆటపెట్టె

మొన్న శుక్రవారం సాయంత్రం మా వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఏదో కాలిపోయి కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది కాబట్టి లైట్లూ ఫ్యాన్లూ ఆగలేదు. అయినా ఇంట్లో ఏదో తక్కువైనట్టు అనిపించి, బెండకాయలు తరుగుతున్నదాన్ని కత్తిపీట పక్కన పెట్టి చెవి ఒగ్గాను. గుడి మైకు లేదు, పక్కింటివాళ్ళ మోటారు లేదు. అవి లేకపోవడం మామూలే. కాసేపటికి గానీ తెలియలేదు, పడమటి గదిలో కంప్యూటర్ హోరు లేదని. పెద్ద యంత్రం, దాన్ని ఇన్వర్టర్ మోయలేదు. ఐదేళ్ళుగా సాయంత్రం ఆరు దాటాక ఆ హోరు మా ఇంట్లో ఉంటూనే ఉంది, నేను వినడం ఎప్పుడో మానేశాను. గదిలోకి తొంగి చూస్తే మా వదినగారు నల్లటి తెర ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "కాలవ మీద వంతెన సగంలో ఉందమ్మా," అన్నారు. ఆ మాట వినేసరికి ఆ కంప్యూటర్ మా ఇంటికి వచ్చిన సంవత్సరం మొత్తం నాకు గుర్తొచ్చింది.

మా వదినగారంటే మావారి అక్కగారు. ఆవిడ తర్వాత మావారు, ఆ తర్వాత మా మరిది. నాది పెనుగొండ వైపు. గోదావరి దాటి ద్రాక్షారామంలో ఈ ఇంటికి కాపురానికి వచ్చేసరికే మా అత్తగారు లేరు. ఏ డబ్బాలో ఏ పప్పు ఉంటుందో, మామగారికి మజ్జిగలో ఉప్పు ఎంత వెయ్యాలో నాకు చెప్పినది వదినగారే. ఆవిడ రామచంద్రపురంలో జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు అడిగి అడిగి, ఆవిడ ప్రతిసారీ "కుదరలేదండి" అని ఒకే మాట అంటూంటే విసుగొచ్చి మానేశారు. పొద్దున్నే ఇస్త్రీ చేసిన నేత చీర, భుజానికి గుడ్డసంచి, సంచిలో గొడుగు. ఎండాకాలం కూడా గొడుగే. నిదానమైన మనిషి. ఆవిడ గొంతు పెంచగా నేను వినలేదు, కాలేజీలో కూడా పిల్లలు ఆవిడ మాట వినపడాలని వాళ్ళే నిశ్శబ్దంగా ఉంటారట.

ఇలాంటి మనిషికి వీడియో గేముల పిచ్చి అంటే మొదట్లో ఎవరూ నమ్మరు. మేమూ నమ్మలేదు, ఎందుకంటే అది మా ఇంట్లోకి వేరే పేరుతో వచ్చింది. మా పాప ఐదో తరగతిలో ఉండగా దాని పుట్టినరోజుకి వదినగారు ఒక నల్లటి పెట్టె తెచ్చారు. టీవీకి తగిలించి, చేత్తో పట్టుకునే రిమోట్ లాంటిదానితో ఆడుకునేది. దాని అసలు పేరు ఏదో ఉంది గానీ మా మామగారు దానికి ఆటపెట్టె అని పేరు పెట్టారు, అదే స్థిరపడింది. పాప నాలుగు రోజులు కార్ల పందెం ఆడి, గోడకి గుద్ది గుద్ది, ఆ తర్వాత బ్యాడ్మింటన్‌లో పడిపోయింది. పెట్టె మాత్రం టీవీ కింద నుంచి కదల్లేదు. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, "పాప ఆడట్లేదుగా, పాడైపోతుంది," అంటూ వదినగారు దాని ముందు కూర్చునేవారు. అలా పాడైపోకుండా దాన్ని ఎన్నో ఏళ్ళు కాపాడారు. తర్వాత కాలేజీలో ఎవరో అమ్మేస్తుంటే రెండోది కొన్నారు. దానికి చెప్పిన కారణం, మొదటిదాని మీద భారం తగ్గుతుందని.

ఆవిడ ఆడే తీరు కూడా అందరిలా ఉండేది కాదు. గుర్రం మీద పోయి ఎవరినో కాల్చి రమ్మని ఆట చెబితే, ఈవిడ దారిలో గుర్రం దిగి పూల దగ్గర నిలబడేవారు. "ఇది ఇంత చలి ప్రాంతంలో బతకదమ్మా, బొమ్మ వేసినవాళ్ళకి తెలియలేదు," అనేవారు. వెనకాల పడక్కుర్చీలో మా మామగారు. ఆయన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసిన మనిషి. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ పొలాలకీ ఇళ్ళకీ తూర్పు పడమరలు రాసి రాసి, ఏ దృశ్యం చూసినా ఆయనకి సరిహద్దులే కనబడేవి. తెర మీద పెద్ద కోట వస్తే, "అమ్మాయ్, ఇది ప్రస్తుతం ఎవరి స్వాధీనంలో ఉంది?" అనేవారు. ఆవిడ చాలా శ్రద్ధగా, "దొంగల స్వాధీనంలో నాన్నగారూ," అనేవారు. "ఉత్తరం సరిహద్దు?" "కొండలు." "పక్కాగా ఉంది. కొండలు జరగవు." ఇలా నడిచేది వాళ్ళ సాయంత్రం. నేను గుమ్మంలో కూర్చుని గోరుచిక్కుళ్ళు ఈనె తీస్తూ వినేదాన్ని. పైకి నవ్వకుండా ఉండటం అలవాటు చేసుకున్నాను.

రెండు పెట్టెలూ ఉండగానే ఆవిడకి గేమింగ్ కంప్యూటర్ మీద మనసు పడింది. ఒకసారి డాబా మీద మామిడి తాండ్ర ఎండబెడుతూ నాకు చెప్పారు. ఊళ్ళు కట్టే ఆటలు ఉంటాయట. ఖాళీ నేల ఇస్తారు, మనం రోడ్లు వేసి, కాలవలు తవ్వి, ఇళ్ళు కట్టి, నీళ్ళిచ్చి మనుషుల్ని రప్పించాలి. "అవి మన పెట్టెలో కూడా వస్తాయి గానీ, ఊరు కాస్త పెద్దదయ్యేసరికి దానికి ఆయాసం వచ్చేస్తుంది. పైగా మౌస్ లేకుండా రోడ్డు గీయడం, పప్పుగుత్తి లేకుండా పప్పు ఎనిపినట్టు ఉంటుందమ్మా," అన్నారు. చిన్నప్పటి కోరిక ఏదైనా ఉండి ఉంటుందని నాకు అనుమానం వచ్చింది. చదువుకునే రోజుల్లో ఎక్కడో చూసి, కొనలేక, మనసులో పెట్టుకున్నారేమో అని జాలి పడటానికి సిద్ధపడి అడిగాను. ఆవిడ తాండ్ర మీద చెయ్యి ఆపి కాసేపు నిజాయితీగా ఆలోచించారు. "అబ్బే, అలాంటి కథేం లేదమ్మా. బాగుంటుందని, అంతే."

ఇక్కడ ఆవిడ చీటీల సంగతి చెప్పాలి. కాలేజీ స్టాఫ్ అంతా కలిసి చీటీ వేసుకునేవారు. నెలకొకరు పాడుకుంటారు. తొందర ఉన్నవాళ్ళు తగ్గించి పాడుకుని ముందే తీసేసుకుంటారు, తొందర లేనివాళ్ళు ఆఖరిదాకా ఆగితే మొత్తం చేతికొస్తుంది. మా వదినగారికి తన కోసం తొందర ఎప్పుడూ ఉండేది కాదు గానీ, చీటీ మాత్రం ఎప్పుడూ ముందే పాడేవారు. మావారు ఎరువుల కొట్టు పెట్టినప్పుడు ఒకటి. మా మరిది పెళ్ళికి ఒకటి. మామగారి మోకాళ్ళ ఆపరేషన్‌కి ఒకటి. మా పాపని విశాఖపట్నం హాస్టల్లో వేసినప్పుడు ఒకటి. ఎవరూ ఆవిడని బలవంతపెట్టలేదు. అడగడం కూడా పూర్తిగా అడిగేవాళ్ళం కాదు. ఆవిడ ఉన్నప్పుడు విషయం గట్టిగా మాట్లాడుకునేవాళ్ళం. రెండో రోజు ఆవిడే, "ఈ నెల చీటీ పాడేస్తాను," అనేవారు. ఈసారి చీటీ మొదలయ్యాక నెలలు గడుస్తున్నా ఆవిడ పాడలేదు. ఆదివారాలు ఇంటర్ పిల్లలకి ట్యూషన్ కూడా మొదలుపెట్టారు. పెళ్ళిళ్ళకి కొత్త చీర మానేసి పాతవాటికే ఫాల్ మార్పించారు. మరో పక్క, కంప్యూటర్లో బొమ్మలు సాఫీగా కదలడానికి గ్రాఫిక్స్ కార్డు అని ఒకటి వేస్తారట, దాని ధర కూడా ఆవిడతో పోటీ పడి పెరిగింది. ఫోన్లో ఆ ధర చూసి, "ఇది కూడా పాడుతోందమ్మా," అని నవ్వి ఫోన్ పక్కన పెట్టేవారు. ఆ నవ్వులో చిరాకు లేదు. ఎదురుచూడటం కూడా ఆవిడకి ఇష్టంగానే ఉన్నట్టుంది.

ఆఖరి చీటీ చేతికొచ్చే నెలలోనే మా మరిది కాకినాడ నుంచి వచ్చాడు. ఫ్యాక్టరీలో ఉద్యోగం, మంచివాడు, అక్క అంటే ప్రాణం. ఆ ప్రేమలోనే కాస్త చనువు ఎక్కువ. ఆదివారం, పనసపొట్టు కూర చేశాను. భోజనాలు సగంలో ఉండగా అన్నాడు, సర్పవరం అవతల ఒక స్థలం బేరం కుదిరిందని, అడ్వాన్సు నెలాఖరులోగా కట్టాలని. ఆ తర్వాత కూర మెచ్చుకున్నాడు. ఆ తర్వాత, "అక్కా, నీ చీటీ ఈ నెలతో అయిపోతుంది కదా?" అన్నాడు.

వదినగారు ముద్ద కలుపుతూ, "అయిపోతుందిరా. ఈసారి నీకివ్వలేను. కంప్యూటర్ కొనుక్కుంటున్నాను," అన్నారు.

"నీకు కాలేజీవాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్ ఉందిగా?"

"అది కాదు. ఆటలాడుకునేది."

మా మరిది నా వైపు చూశాడు, హాస్యమేమో అని. నేను పళ్ళెంలోకి చూశాను. "రెండు పెట్టెలు ఉన్నాయి కదక్కా ఇంట్లో?" అన్నాడు. వడ్డించే నెపంతో నేను కల్పించుకున్నాను. ఆన్‌లైన్ పాఠాలకి కూడా పనికొస్తుందని, పెద్ద తెర మీద పిల్లలకి మొక్కల బొమ్మలు చూపించవచ్చని ఏదేదో అన్నాను. కుటుంబంలో మాట తెగకుండా ఉండాలంటే ఒక కారణం కావాలి, మొదటి పెట్టెకి పాప దొరికింది, దీనికి పాఠాలు దొరికితే చాలనుకున్నాను. వదినగారు నా వైపు తిరిగి మెత్తగానే, "పాఠాలకి కాదమ్మా. ఆడుకోవడానికే," అన్నారు.

"ఈ వయసులో ఆటలేంటక్కా? నలుగురూ వింటే ఏమనుకుంటారు?" అన్నాడు మా మరిది. ఎగతాళిగా అనలేదు, నిజంగా అర్థం కాక అడిగాడు. మావారు గొంతు సవరించుకుని, "కంప్యూటర్ ఆర్నెల్లాగినా వస్తుంది, స్థలం రాదు కదా," అన్నారు. ఆ మాట న్యాయంగానే వినిపించింది. మా ఇంట్లో ఎప్పుడూ మాటలన్నీ న్యాయంగానే ఉండేవి. వదినగారి చేతిలో ముద్ద అలాగే ఉంది. ఆవిడ ముఖం చూస్తే, ఇంకొక్క మాట ఎవరైనా అంటే "సరేలే" అనేస్తారని నాకు తెలిసిపోయింది. ఆ "సరేలే" నేను చాలాసార్లు విన్నాను. ఒకసారి నా కూతురి కోసమే విన్నాను.

అప్పటిదాకా మామగారు మజ్జిగన్నంలో దబ్బకాయ ముక్క నంజుకుంటూ, ఏమీ విననట్టే ఉన్నారు. చెయ్యి పళ్ళెంలో ఆనించి అన్నారు: "ఒరేయ్, ఈ ఇల్లు పిత్రార్జితం. దీంట్లో మీ ముగ్గురికీ హక్కుంది, కాదనను. అమ్మాయి డబ్బు అమ్మాయి స్వార్జితం. స్వార్జితాన్ని ఏం చేసుకోవాలో సదరు వ్యక్తి ఇష్టం. ఎందుకు అని అడిగే కాలమ్ దస్తావేజులో లేదు." తర్వాత నా వైపు తిరిగి, "ఇంకాస్త మజ్జిగ వెయ్యమ్మా," అన్నారు.

మా మరిది ఎప్పుడూ మూడింటి దాకా నిద్రపోయి టీ తాగి వెళ్ళేవాడు, ఆ రోజు భోజనం అవగానే బస్సు ఉందని లేచాడు. నేను కట్టిచ్చిన కూర గిన్నె తీసుకోలేదు, చేతిలో సామాను ఎక్కువైపోతుందన్నాడు. చేతిలో ఫోను తప్ప ఏమీ లేదు. వదినగారు వీధి గుమ్మం దాకా వెళ్ళి, వాడు మలుపు తిరిగేదాకా నిలబడి వచ్చారు. ఆ సాయంత్రం ఆటపెట్టె తియ్యలేదు. చీటీ డబ్బు బ్యాంకులో పడ్డాక కూడా రెండు వారాలు కంప్యూటర్ ఊసెత్తలేదు. పూలమొక్కలకి నీళ్ళు పోస్తూ ఒకరోజు, "వాడికిచ్చేస్తే సరిపోయేదేమో. నాకు ఆడాలనిపించడం కూడా తగ్గింది," అన్నారు. నాకు భయమేసింది. డబ్బు ఎటు పోయినా పోవచ్చు గానీ, ఆవిడ ఆ కోరికే వదిలేసుకుంటే ఇక ఈ ఇంట్లో ఆవిడకంటూ ఏం మిగులుతుందనిపించింది. "శనివారం నాకు కాకినాడలో పనుంది వదినగారూ. మీరు రాకపోతే నేనే కొట్లోకి వెళ్ళి, పేరు తెలియక ఏ ఫ్రిజ్జో కొనుక్కొస్తాను," అన్నాను. ఆవిడ నీళ్ళ చెంబు కింద పెట్టి నవ్వారు. నాకు కాకినాడలో పనేమీ లేదు.

మెయిన్ రోడ్డులో కంప్యూటర్ కొట్టు మేడమీద ఉంది. కొట్టతను ముప్పై ఏళ్ళ మనిషి, మమ్మల్ని చూసి, "అబ్బాయికాండీ? ఇంజినీరింగాండీ?" అన్నాడు. "నాకేనండి," అన్నారు వదినగారు. అతను చిన్న ల్యాప్‌టాప్‌లు ఉన్న అర వైపు నడవబోయాడు. ఆవిడ గుడ్డసంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, తనకి ఏ కార్డు కావాలో చెప్పారు. అతను ఆగి, "ఏం ఆడతారు మేడమ్?" అన్నాడు. ఊళ్ళు కట్టే ఆటలని ఈవిడ అనేసరికి ఆ మనిషి ముఖం విప్పారింది. తనకీ అదే ఇష్టమట, ఇంట్లో ఆవిడ తిడుతుందట. స్టూళ్ళు వేయించాడు, టీ తెప్పించాడు. ఇద్దరూ మురుగు కాలవల గురించి, ట్రాఫిక్ గురించి మాట్లాడుకుంటూ ఉంటే నేను రెండు టీలు తాగి, కిటికీలోంచి రోడ్డు మీద ఆటోలు చూస్తూ కూర్చున్నాను. అన్నీ బిగించి, వెలిగించి చూపించేసరికి సాయంత్రమైంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో డబ్బాని సీటు కింద తోసి, తెర ఉన్న అట్టపెట్టెని ఆవిడ ఒళ్ళో పెట్టుకున్నారు. అది ఆవిడ కంటే వెడల్పుగా ఉంది. కండక్టరు "టీవీయామ్మా?" అంటే, "కాదు బాబూ, ఆటలాడుకునే కంప్యూటర్," అన్నారు. అడగని వివరం కూడా ఆవిడ చెప్పడం అదే మొదటిసారి చూశాను.

పడమటి గదిలో బీరువా జరిపి బల్ల వేశాం. మామగారి పడక్కుర్చీ కూడా అక్కడికి మారింది. మొదటి ఊరికి నేల ఎంచుకునే దగ్గరే గంట పట్టింది, తూర్పున నది ఉండాలని ఆయన, వరద వస్తుందని ఈవిడ. తీరా ఊరు మొదలయ్యాక మొదటి వర్షానికే సగం ఇళ్ళు మునిగాయి. మామగారు చాలా తృప్తిపడ్డారు, మన వైపు ఊరులాగే ఉందని.

మా మరిది ఆ తర్వాత కొన్ని నెలలు రాలేదు. ఫోన్ చేస్తే మావారితో మాట్లాడి పెట్టేసేవాడు. స్థలం మాత్రం ఆగలేదు, ఆఫీసు సొసైటీలో లోను దొరికి రిజిస్ట్రేషన్ అయిపోయిందని మాకు వేరేవాళ్ళ వల్ల తెలిసింది. ఆ వార్త విన్న రోజు వదినగారు, "మంచిదేలే," అని ఊరుకున్నారు గానీ, రాత్రి అన్నం సరిగా తినలేదు. స్థలం పోయి ఉంటే తప్పు తనదయ్యేది, ఇప్పుడేమో తను లేకుండానే పని అయిపోయింది. రెంటిలో ఏది ఎక్కువ బాధో ఆవిడకే తెలియాలి.

చలికాలంలో మా అత్తగారి ఆబ్దికం వచ్చింది. దానికి రాకుండా ఉండేవాళ్ళు మా ఇళ్ళలో లేరు. మా మరిది ముందురోజే వచ్చాడు, అందరితో మాట్లాడినట్టే అక్కతోనూ మాట్లాడాడు, అవసరమైన మేరకు. కార్యక్రమం అయి, గారెలు, పరమాన్నం భోజనాలు అయి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక ఇల్లు సద్దుమణిగింది. వదినగారు చీర మార్చుకుని పడమటి గదిలోకి వెళ్ళారు. కాసేపటికి కంప్యూటర్ హోరు మొదలైంది. వరండాలో పడుకున్న మా మరిది పడుకున్నట్టే ఉండి, తర్వాత లేచి, మంచినీళ్ళకన్నట్టు ఇటు వచ్చి ఆ గది గుమ్మంలో ఆగాడు. నేను వంటింట్లోంచి చూస్తూనే ఉన్నాను. చాలాసేపు నిలబడ్డాడు.

"ఆ వంతెన అక్కడ కట్టావేంటి?" అన్నాడు చివరికి.

ఆవిడ వెనక్కి తిరగలేదు. "మరెక్కడ కట్టమంటావురా?"

"కిందకి కట్టాలి. లారీలన్నీ బజారు మీదుగా పోతున్నాయి చూడు. మా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇలాగే చేసి చచ్చాం."

"నాన్నగారు ఇక్కడే అన్నార్రా."

"నేను సరిహద్దు చెప్పాను, వంతెన చెప్పలేదు," అన్నారు కళ్ళు మూసుకుని ఉన్న మామగారు.

మా మరిది స్టూలు లాక్కుని కూర్చున్నాడు. వంతెన పడగొట్టారు. కిందకి కట్టారు. అక్కడ నేల గట్టిగా లేదని ఆవిడ, ఉందని వాడు. నేను టీ ఇచ్చి వచ్చాను, మళ్ళీ వెళ్తే కప్పులు అలాగే చల్లారిపోయి ఉన్నాయి. స్థలం గురించి గానీ ఆ ఆదివారం గురించి గానీ ఒక్క మాట అనుకోలేదు. ఆఖరి బస్సు టైమైందని మావారు హెచ్చరిస్తే అప్పుడు లేచాడు. ఈసారి కూర గిన్నె తీసుకున్నాడు. ఇప్పటికీ రెండో శనివారాల్లో ఫోన్ చేసి, "అక్కా, ఊరు ఎంతవరకు వచ్చింది?" అని అడుగుతాడు. జనాభా చెబితే తృప్తిగా పెట్టేస్తాడు.

మామగారికి ఇప్పుడు చూపు బాగా తగ్గింది. తెర మీద వెలుగు కదలడం మాత్రం తెలుస్తుందట. అందుకని వదినగారు ఆడుతూ, ఏం చేస్తున్నదీ పైకి చెబుతూ ఉంటారు. బడి వెనక ఖాళీ స్థలంలో తోట వేస్తున్నానని, పడమట వీధిలో నీళ్ళు రావడం లేదని. ఆయన వింటూ, మధ్యలో సందేహాలు అడుగుతూ, నిద్రపోతారు. ఆయన నిద్రపోయాక కూడా ఆవిడ కాసేపు చెబుతూనే ఉంటారు. ఊరు ఎప్పటికి పూర్తవుతుందండీ అని ఒకసారి అడిగితే, "ఏం తొందరమ్మా?" అన్నారు.

నాకూ యాభై దగ్గర పడుతోంది. ఫలానా వయసుకి ఫలానా పని అయిపోవాలని లెక్క వేసుకుంటూ పెరిగినవాళ్ళం మేము. ఆ లెక్కలో ఆటకి కేటాయించిన కాలం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో కూడా మాకు, ముఖ్యంగా ఆడపిల్లలకి, తెలియలేదు. అది మళ్ళీ ఏ వయసులోనైనా మొదలుపెట్టుకోవచ్చని, వద్దనేది మనమే తప్ప కాలం కాదని నాకు కాస్త ఆలస్యంగానే తెలిసింది. అయినా తెలిసేసరికి చాలా సాయంత్రాలు ఇంకా మిగిలే ఉన్నాయి.